ఎవరు ఎవరి మీద ఆధారపడ్డట్టు?

"ఆధారం" అన్న మాటకి తెలుగులో ఎంత గౌరవముందో "ఆధారపడటం" అన్న మాటకి అంత చిన్నచూపు ఉంది. "ఆ ఇంటికి వాడే ఆధారం" అంటే వాణ్ణి మెచ్చుకున్నట్టు. అదే సంగతి అటువైపు నుంచి చెప్పి "ఆ ఇల్లంతా వాడి మీదే ఆధారపడింది" అనండి, ఇంట్లో మిగతా అందరూ చేతకానివాళ్ళైపోతారు. మనుషులు వాళ్ళే, సంపాదన అదే, వండిపెట్టే చేతులు అవే, ఒక క్రియ తగిలించగానే సగం మంది తలెత్తుకోలేకుండా అయిపోయారు. ఇదెందుకిలా అని చాలా కాలంగా నా బుర్రలో నలుగుతోంది, అందుకే ఈ పోస్టు, కాస్త పెద్దదే, ఓపికున్నవాళ్ళు చదవండి.

ఆధారం అన్న మాటకున్న మర్యాద మామూలుది కాదు. బతుకుతెరువు జీవనాధారం. కోర్టులో సాక్ష్యాధారాలు. పాట నేర్చుకునేవాళ్ళకి ఆధార షడ్జమం, అది కుదరకపోతే పైన ఏ స్వరమూ కుదరదు. కాలవ లేని మెట్ట చేలకి వర్షాధారం. రుజువు లేని నింద నిరాధారం. 2009లో మొదలెట్టిన గుర్తింపు సంఖ్యకి కూడా ఏరికోరి ఈ పేరే పెట్టారు, 12 అంకెలు, ఇప్పుడు అది లేకపోతే మనిషే లేనట్టు. సంస్కృత వ్యాకరణంలో అయితే ఆధారం అంటే ఉత్త చోటు, ఏ పనైనా జరగాలంటే దేని మీదో దేంట్లోనో జరగాలి కదా అదన్నమాట, పాణిని "ఆధారోఽధికరణమ్" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. చెట్టు మీద పిట్ట కూర్చుంటే చెట్టు ఆధారం. పిట్టకి సిగ్గు లేదు, చెట్టుకి గర్వం లేదు.

తర్కం ఎక్కువ చదివిన ఒక పండితుడి కథ మీలో చాలామంది వినే ఉంటారు. గిన్నెలో నెయ్యి తెస్తూ తెస్తూ "పాత్రాధారం ఘృతమా, ఘృతాధారం పాత్రమా" అని అనుమానం వచ్చి, అంటే నెయ్యికి గిన్నె ఆధారమా గిన్నెకి నెయ్యి ఆధారమా అని, తేల్చుకుందామని గిన్నె తిరగేశాడట. చదువుకున్న మూర్ఖుణ్ణి వెక్కిరించడానికి చెప్పుకునే కథ ఇది. నెయ్యి పోతే పోయింది గానీ ఆయన ప్రశ్న మరీ అంత వెర్రిదేం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఎవరు గిన్నె ఎవరు నెయ్యి అన్నది ఎవరూ తిరగేసి చూడలేదు, చిన్నప్పుడు ఎవరేం చెప్తే అదే నమ్మేశాం.

సరే, క్రియ దగ్గరికి వద్దాం. నేను ఈ మాటెత్తినప్పుడల్లా ఎవరో ఒకరు తప్పంతా "పడు"ది అంటారు. బాధపడు, భయపడు, సిగ్గుపడు, అవస్థపడు, మంచానపడు, వరస చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ ఇష్టపడటంలో ఉన్నదీ అదే పడు, ముచ్చటపడటంలో, కుదుటపడటంలో, బాగుపడటంలో ఉన్నదీ అదే. కాబట్టి ఆ పడు మీద పెట్టిన కేసు నిలవదు. ఇంకో సంగతి, ఈ క్రియ వస్తువులకి వాడినప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. "దిగుబడి వర్షాల మీద ఆధారపడి ఉంటుంది" అని పేపర్లో రాస్తే దిగుబడి ఏమీ అవమానపడదు (ఇది పేపరు తెలుగు అనుకోండి, మామూలుగా మాట్లాడేటప్పుడు వానల్ని బట్టి ఉంటది అంటాం, ఆ "బట్టి" అన్న చిన్న ముక్క ఎంత పని చేస్తుందో మనం పట్టించుకోం). మనిషి గురించి వాడినప్పుడే ఈ క్రియ చేదెక్కుతుంది, అదీ అందరు మనుషుల గురించీ కాదు.

మీరే ఒకసారి గమనించండి. ఉద్యోగం చెయ్యని భార్య గురించి "భర్త మీద ఆధారపడి ఉంది" అని మొహం తిప్పుకోకుండా అనేస్తాం. స్నానానికెళ్తే తువ్వాలు ఎక్కడుందో తెలీని, తనకి ఏ మాత్ర పొద్దున వెయ్యాలో ఏది రాత్రి వెయ్యాలో తెలీని, ఆవిడ నాలుగు రోజులు పుట్టింటికెళ్తే హోటల్ పాలయ్యే మనిషిని "భార్య మీద ఆధారపడ్డాడు" అని ఎవరైనా అనగా విన్నారా? "ఆవిడ బాగా చూసుకుంటుంది" అంటాం. వాక్యంలో కర్త మారిపోయింది చూశారా, ఆయన అవసరం ఆవిడ గుణమైపోయింది. రైతు దగ్గర పనిచేసే కూలీ రైతు మీద ఆధారపడ్డాడు అంటాం, నాట్ల రోజుల్లో మనుషులు దొరక్క ఇంటింటికీ తిరిగే రైతుని కూలీల మీద ఆధారపడ్డాడు అనం, "కూలీలు దొరకట్లేదండీ" అంటాం, తప్పు కూలీలదే అన్నట్టు. పనిమనిషి రెండు రోజులు రాకపోతే అతలాకుతలమైపోయే ఇల్లు కూడా అంతే, "మానేసింది" "ఎగ్గొట్టింది" అంటుందే గానీ తను ఆవిడ మీద ఆధారపడి ఉన్నానని ఒప్పుకోదు.

దీన్నంతా డబ్బు లెక్క అని చాన్నాళ్ళు అనుకున్నా, డబ్బిచ్చేవాడు ఆధారం, పుచ్చుకునేవాడు ఆధారపడ్డవాడు అని. కానీ అది కూడా పూర్తిగా కుదరదు. తండ్రి ఆస్తి మీద బతికే కొడుకుని మనం అలా అంటామా? "వాడికేం, ఉన్నవాడు" అంటాం. జీతగాడు కంపెనీ ఇచ్చే డబ్బు మీదే బతుకుతాడు, ఆధారపడ్డాడు అనం, ఉద్యోగస్తుడు అంటాం. మరి తేడా ఎక్కడుంది? నాకు తోచింది చెప్తా. అడిగి పుచ్చుకోవాల్సి వచ్చేవాళ్ళని ఆధారపడ్డవాళ్ళు అంటున్నాం, అడక్కుండానే అందేవాళ్ళని అనట్లేదు. భర్తకి టిఫిన్ అడక్కుండానే బల్ల మీదకొస్తుంది. భార్యకి చెప్పులు కొనుక్కోడానికి డబ్బులు కావాలంటే నోరు తెరిచి అడగాలి, ఎంత, ఎందుకు, మొన్నే కదా కొన్నావ్, అన్నీ దాటాలి. ఇద్దరికీ అవసరం సమానమే అయినా, నోరు తెరవాల్సినవాళ్ళకే ఆ మాట అంటుకుంటుంది.

ఈ మాట తలకిందులయ్యే చోటు నాకు తెలిసి ఒకటుంది, అది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. అక్కడ నష్టపరిహారం కట్టేటప్పుడు "లాస్ ఆఫ్ డిపెండెన్సీ" అని, అంటే ఆ మనిషి ఆధారం పోయి ఇంట్లోవాళ్ళకి ఎంత నష్టమని చూస్తారు. పెళ్ళైన మనిషి పోతే ఆ మనిషి సంపాదనలో సొంత ఖర్చు కింద కొంత తీసేస్తారు, ఆధారపడ్డవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే మూడో వంతు, నలుగురు నుంచి ఆరుగురైతే నాలుగో వంతు, 2009లో సుప్రీంకోర్టు తేల్చిన సరళా వర్మ కేసు నుంచి ఇదే పద్ధతి. మిగిలినదాన్ని బట్టి ఇంట్లోవాళ్ళు ఎంత పోగొట్టుకున్నారో తేలుస్తారు. మరి పోయింది గృహిణి అయితే? 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు ఆవిడ చేసే ఇంటిపనికి నెలకి 3000 రూపాయలని విలువ కట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా రాసిన అభిప్రాయంలో 2019 టైమ్ యూజ్ సర్వే (జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడతారో చూసే సర్వే) లెక్క ఎత్తి చూపించారు, జీతం లేని ఇంటిపనికి సగటున ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని. అంటే చూడండి, బతికున్నన్నాళ్ళూ ఆవిడ ఆయన మీద ఆధారపడ్డ మనిషి, పోయిన తర్వాత అదే భర్త ట్రిబ్యునల్లో నిలబడి "మేమంతా ఆవిడ మీద ఆధారపడ్డామండీ" అని పిటిషన్ పెట్టుకుంటాడు. అప్పుడు మాత్రం అడగాల్సింది ఆయన కాబట్టి మాట ఆయనకి అంటుకుంది. నా వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను వెతుక్కోలేను.

ఇక ఈ "డిపెండెంట్" అన్న ఇంగ్లిషు మాట తెలుగులో పూర్తిగా కలిసిపోయింది, దానికీ రెండు బతుకులున్నాయి. ఆఫీసులో హెల్త్ ఇన్సూరెన్స్ ఫారంలో మా అమ్మ నాకు డిపెండెంట్. ఆవిడ ఊరొదిలి, ఇరుగుపొరుగునొదిలి, ఫ్లాట్లో పడుండి మా పిల్లల్ని పెంచుతుంటే మేమిద్దరం పొద్దున తొమ్మిదింటికి లాప్‌టాప్‌లు భుజానేసుకుని వెళ్తున్నాం, ఆవిడ ఒక నెల ఊరెళ్తానంటే మా ఇద్దరి లీవులూ కరిగిపోతాయి, అయినా ఫారంలో డిపెండెంట్ ఆవిడే. అమెరికా సంబంధాల్లో "డిపెండెంట్ మీద వెళ్ళింది" అంటారు, అంటే హెచ్4 వీసా, అక్కడ ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది. బీటెక్ చదివి, ఇక్కడ ఉద్యోగం చేసి, మానేసి వెళ్ళిన పిల్ల. 2015 మే దాకా ఆ వీసా మీద వెళ్ళినవాళ్ళు అక్కడ ఉద్యోగం చెయ్యడానికే వీల్లేదు, ఆ తర్వాత కూడా గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటినవాళ్ళ భార్యలకీ భర్తలకే ఆ వీలు దొరికింది. చేతకాక ఆధారపడలేదు ఆ పిల్ల, ఆధారపడమని స్టాంపు వేసి మరీ పంపారు.

అదే సింగరేణి ప్రాంతానికెళ్ళి "డిపెండెంట్ ఉద్యోగం" అనండి, మాట రంగే మారిపోతుంది. బొగ్గు బాయిలో తండ్రి ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయితే కొడుక్కి వచ్చే ఉద్యోగం అది. దాని కోసం సమ్మెలు జరిగాయి, యూనియన్ ఎన్నికల్లో వాగ్దానాలు జరిగాయి. "డిపెండెంట్ వచ్చింది" అంటే ఇంట్లో పండగే. అక్కడ ఎవరూ ఆ మాటకి తల దించుకోరు, ఎందుకంటే తండ్రి ఊపిరితిత్తులు ఆ బాయికిచ్చాడు, అది ఎవరో దయతలిచి ఇచ్చేది కాదని అందరికీ తెలుసు.

తెలుగులో దీనికి వేరే మాటలు లేకపోతే సరే అనుకోవచ్చు, కానీ ఎన్ని లేవు! ఆసరా, అండ, దన్ను, ప్రాపు, ఊతం, దిక్కు. తిట్టాలనుకుంటే పంచన చేరడం, చెయ్యి చాచడం, అన్నిటికంటే ఘోరంగా మోచేతి నీళ్ళు తాగడం, అవతలివాడు తాగుతుంటే వాడి మోచేతి మీంచి కారే చుక్కలు పట్టుకోవడమన్నమాట, ఆ మాట పుట్టించినవాడెవడో గానీ అవమానాన్ని కళ్ళారా చూసినవాడే. ఇంత తిట్టే భాష మళ్ళీ ఎవరి మీదా ఆధారపడటానికి లేనివాణ్ణి ఏమంటుందో చూడండి, దిక్కుమాలినవాడు అంటుంది. దిక్కూ మొక్కూ లేనివాడు, నా అన్నవాళ్ళు లేనివాడు. ఉంటే సిగ్గు, లేకపోతే తిట్టు. ఈ రెంటి మధ్యలో మనిషి ఎక్కడ నిలబడాలో ఈ మాటలు పుట్టించిన పెద్దలే చెప్పాలి.

నాకు నచ్చిన మాట నమ్ముకోవడం. "భూమిని నమ్ముకున్నాడు", "మిమ్మల్నే నమ్ముకుని వచ్చాం". ఇందులో ఒక గొప్ప తిరకాసు ఉంది. ఆధారపడితే బరువంతా ఆధారపడ్డవాడి నెత్తినే ఉంటుంది, వాడే మొహమాటపడాలి, వాడే రుణపడాలి. నమ్ముకుంటే బరువు అవతలి మనిషి మీదకెళ్తుంది. "వాడి మీద ఆధారపడ్డోళ్ళు మునిగిపోయారు" అంటే అలా ఎందుకు ఆధారపడ్డారసలు అనిపిస్తుంది, "నమ్ముకున్నోళ్ళని ముంచేశాడు" అంటే ముంచినవాణ్ణి తంతే బాగుండు అనిపిస్తుంది. చిట్టీల వాడు ఎగ్గొట్టి పారిపోయినప్పుడు పేపర్లో ఈ రెంటిలో ఏ మాట రాశారో చూస్తే రాసినవాడు ఎవరి పక్షమో తెలిసిపోతుంది.

ప్రభుత్వాలకి ఈ కిటుకు మనకంటే బాగా తెలుసు. పథకాల పేర్లు చూడండి, ఆసరా, చేయూత, భరోసా, పార్టీలు మారినా ఇవే మాటలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఇచ్చేటప్పుడు భరోసా అంటారు, ఖర్చు ఎక్కువైందని చర్చ వచ్చిన రోజున టీవీలో అదే డబ్బు గురించి "జనం సర్కారు మీద ఆధారపడటం అలవాటైపోయింది" అంటారు. రాయితీ మీద నడిచే కంపెనీల గురించి మాత్రం "ప్రోత్సాహకాలు" అంటారు, అదేంటో వాటికి అలవాటు కాదు కాబోలు.

శాస్త్రాల్లో ఏముందని అడిగేవాళ్ళుంటారు. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో "సర్వం పరవశం దుఃఖం, సర్వమాత్మవశం సుఖం" అని ఉంది, పరుల చేతిలో ఉన్నదంతా దుఃఖమే, మన చేతిలో ఉన్నదే సుఖమని. బాగుంది, చప్పట్లు. అదే పుస్తకం తొమ్మిదో అధ్యాయానికి వచ్చేసరికి "న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి", ఆడదానికి స్వాతంత్ర్యం తగదు అంటుంది. రెండూ కలిపి చదువుకుంటే ఆడవాళ్ళకి దుఃఖమే రాసిపెట్టాం అని ఒప్పుకున్నట్టేగా, నేను వేరే వ్యాఖ్యానం చెయ్యక్కర్లేదు. భక్తి దగ్గర మాత్రం లెక్క వేరేగా ఉంది. వైష్ణవంలో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండున్నాయి, కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా కరుచుకుంటుంది, పిల్లికూన ఏమీ చెయ్యదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. శ్రీవైష్ణవుల్లో రెండు శాఖలు, వడగలై వాళ్ళు మొదటిదన్నారు, తెంగలై వాళ్ళు రెండోదన్నారు, వందల ఏళ్ళ వాదన. ఇందులో నన్ను పట్టుకున్నదేంటంటే ఆ రెండు పిల్లల్లో దేన్నీ ఎవరూ సిగ్గులేనిదనలేదు. ఆధారపడాలా వద్దా అన్న చర్చే లేదక్కడ, ఎలా ఆధారపడాలన్నదే చర్చ.

గుళ్ళో కూర్చుని పెద్దవాళ్ళు చదువుకునే శ్లోకం కూడా ఒకసారి మాట మాటా చూడండి, "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం". చాలామంది దీన్ని "ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలి" అని అర్థం చెప్పుకుంటారు. అందులో ఆ మాట లేదండీ. ఉన్నది దైన్యం. దీనంగా మొహం పెట్టి దేబిరించే గతి పట్టకూడదని అడుగుతున్నారు. చేయందించే మనిషి వద్దని ఎవరడిగారు, అసలు ఆ శ్లోకమే దేవుణ్ణి ఇమ్మని అడగడం కదా.

ఇక్కడ ఒకాయన తప్పకుండా అంటారు, ఆడపిల్లలకి సొంత కాళ్ళ మీద నిలబడమని చెప్పడం మానేయాలా అని. మానకూడదు. చేతిలో డబ్బు లేని ఆడది తనని కొట్టే మొగుణ్ణి వదిలి రాలేకపోతుంది, అది నేను చూసిన సంగతే, అందుకే ఆ మాట వెయ్యిసార్లు చెప్పాలి. కానీ ఆ డబ్బు చేసే పనేంటి? కాదనగలిగే వీలు ఇస్తుంది. వద్దనుకున్నప్పుడు లేచి రాగలిగే వీలు. ఆ వీలున్నాక మొగుడి మీద, అమ్మ మీద, స్నేహితురాలి మీద ఎంత వాలినా నష్టం లేదు. దీన్ని నాకంటే బాగా వికలాంగుల ఉద్యమాలు చెప్పాయి. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయనకి 14 ఏళ్ళకే పోలియో వచ్చి మెడ కింద దాదాపు ఏదీ కదిలేది కాదు, ఊపిరికి కూడా ఐరన్ లంగ్ అనే యంత్రం కావాలి. అలాంటి మనిషి, ఇంకొంతమందితో కలిసి 1972లో బర్క్‌లీలో పెట్టిన సంస్థ పేరేంటో తెలుసా, సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్, అంటే స్వతంత్రంగా బతకడానికి ఒక కేంద్రం. పొద్దున లేపి కూర్చోబెట్టేది వేరే మనిషే, కానీ ఎన్నింటికి లేపాలో, ఎవరు లేపాలో, లేచాక ఎక్కడికెళ్ళాలో తను చెప్తాడు. అదీ వాళ్ళ లెక్కలో స్వతంత్రం అంటే. ఈ లెక్కన చూస్తే ఒంట్లో ఏ లోపమూ లేకుండా, కోడలి మొహం చూసి టీ అడగాలా వద్దా అని హాల్లో గంటసేపు కూర్చునే మామగారే ఎక్కువ పరాధీనుడు.

పెద్దవాళ్ళ కోసం 2007లో చట్టం తెచ్చారు, పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, నెలకి 10,000 రూపాయలకి మించకుండా మనోవర్తి ఇప్పిస్తారు. చట్టం మంచిదే. కానీ మళ్ళీ వెళ్ళి అడగాలి, అదీ సొంత కొడుకు మీద, అందరి ముందూ. మా బంధువుల్లో ఒక్కరు కూడా ఆ గడప తొక్కలేదు, తొక్కాల్సినవాళ్ళు లేక కాదు.

మా పెద్దమ్మనే తీసుకోండి. తెలంగాణ పల్లెలో ఉంటుంది. 2014లో ఆసరా పేరుతో పింఛన్లు పెంచి నెలకి 1000 రూపాయలు చేసినప్పటి నుంచీ తీసుకుంటోంది, 2019లో అది 2016 రూపాయలయింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ బాగానే ఉన్నారు. కళ్ళజోడు పగిలితే చిన్నోడికి ఫోన్ చేసి బాగోగులన్నీ అడిగి, మనవల చదువులు అడిగి, కళ్ళజోడు మాటెత్తకుండానే పెట్టేస్తుంది, "ఆడికేం ఖర్చులున్నయో" అని. పింఛను రావడం నాలుగు రోజులు లేటైతే మాత్రం పొద్దున్నే చీర కుచ్చిళ్ళు దోపుకుని వెళ్ళి ఇచ్చేచోట నిలబడి "నా పైసలు నాకియ్యనీకి ఎన్నిసార్లు తిప్పుతరు" అని ఊరందరికీ వినబడేలా అరిచి వస్తుంది. పింఛన్ని ఆవిడ సాయమనదు, ఆసరా అనదు. "నా జీతం" అంటుంది, అందులోంచే మనవలకి పండక్కి వందల నోట్లు పంచుతుంది, కళ్ళజోడు కూడా అందులోనే కొనుక్కుంది.